బొటనవేలి కింది నంబరు

అరోరా,
ఆగస్టు చివరి వారం

రాఘవులు బావకి ఆదిశేషు నమస్కారాలు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. అక్కడ మీరూ బాగానే ఉన్నారని నా లెక్క.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. తీరా కవరు మీద స్టాంపు అంటించేశాను. అంటించింది ఊడదీయడం చేతకాక రాస్తున్నాను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. కిందటిసారి చేసినప్పుడు నువ్వు ఇండియన్ స్టోర్లో బెండకాయలు ఏరుకుంటున్నావు. "ఏంటీ? రివాల్వరా? గట్టిగా చెప్పు బావా, వినపడట్లేదు!" అని అరిచావు. ఆ తర్వాత బెండకాయల దగ్గర జనమే లేరని, లేతవన్నీ నీకే దొరికాయని సంబరపడ్డావు. నేను చెప్పేది నీకు తప్ప న్యూజెర్సీ అంతటికీ వినపడుతోంది. అందుకే మనకి కాగితమే నయం.

ఇక్కడి విశేషం మీ చెల్లెలు ప్రమోద చేసిన వరలక్ష్మీ వ్రతం. నలభై ఏళ్ళు ఆపరేషన్ బల్లల మీద జనాన్ని నిద్రపుచ్చిన మనిషి, రిటైరయ్యాక ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ పొద్దున్నే నిద్రలేపి పేరంటానికి పిలిచింది. తాంబూలానికి ఈసారి ప్లాస్టిక్ కవర్లు వద్దంది. పెట్టెల్లో మూలుగుతున్న జాకెట్ ముక్కలన్నీ తీసి సంచులు కుట్టించింది. పసుపుపచ్చ గుడ్డ, మెరూన్ అంచు, తాడు లాగితే మూతి ముడుచుకుంటుంది. లోపల వక్కలు, ఖర్జూరాలు, చిన్న ఇత్తడి కుంది. చేతిలో పెడితే బరువుగా, మర్యాదగా ఉంది. అలాంటిది ఖాళీ సంచి ఒకటి నేనూ అడిగి తీసుకున్నాను. ఎందుకో ఇంకోసారి రాస్తాను.

అన్నట్టు, మనవాళ్ళలో ఒక గుణం గమనించావా? తాంబూలం ఇచ్చినవాళ్ళ ముందు విప్పరు. ఇంటికెళ్ళాక కూడా విప్పరు. బీరువాలో పెట్టి, ఇంకో పేరంటం రాగానే అదే తీసి ఇంకొకరికి బొట్టు పెట్టి ఇస్తారు. దీని మీద ఒక పుస్తకం రాయొచ్చు. లైబ్రరీలో వెతికాను, ఇంకా ఎవరూ రాయలేదు.

రేణు అక్కయ్యకి నమస్కారాలు.

ఇట్లు,
ఆదిశేషు

తా.క. నీ రివాల్వర్ క్షేమంగా ఉంది. నువ్వు అడగలేదనుకో. ఊరికే చెబుతున్నాను.


పిస్కాటవే,
సెప్టెంబర్, లేబర్ డే వెళ్ళాక

ఆదిశేషు బావకి,

నీ ఉత్తరం అందింది. తాజా కలం తప్ప మిగతా అంతా చదవకపోయినా నష్టం లేదు.

నాకు వచ్చే నెల బైపాస్ చేస్తారు. సర్జన్‌కి ఇంకా గడ్డం కూడా సరిగ్గా రాలేదు. చేతులు మాత్రం వణకడం లేదు, చూశాను.

అడక్కుండానే చెప్పావు కాబట్టి అడుగుతున్నాను. నా రివాల్వర్ ఫోటో తీసి పంపు. పిడి అడుగున నంబరు కనిపించాలి. చివర ఆరు ఉన్నది నీది, ఏడు ఉన్నది నాది. నేనింకా ఇల్లినాయ్‌లో ఉన్న రోజుల్లో ఇద్దరం కలిసి గన్ షోలో కొన్నాం. ఒకే పెట్టె, లోపల మఖ్మల్‌లో రెండు గుంటలు. అలాంటి జంటని విడదీయడం పాపమని ఉపన్యాసం ఇచ్చినవాడివి నువ్వే. మా అబ్బాయి దగ్గరికని ఇక్కడికి వచ్చేటప్పుడు, ఈ రాష్ట్రంలో చట్టాలు బిగువని నాది నీ దగ్గరే వదిలాను. ఎవరు ముందు పోతే రెండోవాడికి రెండూ అని అనుకున్నాం. నీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది.

బల్ల ఎక్కేముందు ఒకసారి చూసుకోవాలని ఉంది. అంతే.

ఇట్లు,
రాఘవులు

తా.క. నీది ఎలా ఉంది? ఈ మధ్య చూశావా?


అరోరా,
సెప్టెంబర్ మధ్యలో

బావకి నమస్కారాలు.

నీ గుండె సంగతి విని ప్రమోద ఆ సర్జన్ చదివిన కాలేజీ, నేర్చుకున్న హాస్పిటలు, పనిచేసిన చోట్లు అన్నీ కనుక్కుంది. మంచివాడేనట. భయపడకు. గడ్డం దానంతటదే వస్తుంది.

ఫోటో అడిగావు. తప్పకుండా. ఈలోగా నీకు తెలిసిన విషయమే ఒకటి చెబుతాను. నాకు చెప్పడం ఇష్టం కాబట్టి నువ్వు వినాలి. మిగతా రివాల్వర్లకి వెనక కోడి జుట్టులా ఒక ముక్క లేచి ఉంటుంది. జేబులోంచి తీయబోతే గుడ్డకి తగులుకుంటుంది. మన బుల్లి రివాల్వర్లకి ఆ హ్యామర్ లోపలెక్కడో దాక్కుని ఉంటుంది. పైన అంతా నున్నన. సబ్బుబిళ్ళలా జారి వస్తుంది. నూటపాతికేళ్ళ కిందట కోటు జేబుల కోసం చేశారని పుస్తకాల్లో ఉంది. పంచె కట్టి రొండిన దోపుకునేవాళ్ళ కోసమే చేశారని నా అభిప్రాయం. చేసినవాళ్ళకి ఆ సంగతి తెలియదు, అంతే.

నేను మోటెల్ నడిపే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒకడొచ్చి గల్లాపెట్టె తీయమన్నాడు. నేను జేబులో చెయ్యి పెట్టాను. ఇది తగులుకోకుండా జారి వచ్చింది. వాడు దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకొచ్చి, "నికెల్ పూత అసలుదేనా? ఎక్కడ దొరికింది?" అన్నాడు. వాడింట్లో ఇలాంటివి నాలుగున్నాయట. అరగంట మాట్లాడుకున్నాం. పోతూ పోతూ ఆ రాత్రికి రూము తీసుకున్నాడు. అది ఆ వారంలో నాకు వచ్చిన ఒకే ఒక బేరం. ఆ రోజు కూడా లోపల తూటా లేదు. తూటా ఉన్న వస్తువు జేబులో పెట్టుకుంటే ఇంట్లోకి రానివ్వనని మీ చెల్లెలు అప్పటికే చెప్పింది. ఈ వయసులో లైసెన్సు తీసుకుని మరీ ఖాళీ రివాల్వర్ మోసేవాణ్ణి ఈ కౌంటీలో నేనొక్కణ్ణే అనుకుంటాను.

ఏదో చెప్పబోయి ఎక్కడికో వెళ్ళాను. ఫోటో. నా ఫోన్లో కెమెరా మసకబారింది. ప్రమోద ఫోన్తో తీస్తే, తీసిన ప్రతి ఫోటో పిల్లలందరికీ దానంతటదే వెళ్ళిపోతుంది. ఏదో ఒకటి ఆలోచిస్తాను.

ఇట్లు,
ఆదిశేషు

తా.క. నాది ఎలా ఉందని అడిగావు. నాది బ్రహ్మాండంగా ఉంది. నాది ఎప్పుడూ పెట్టె దాటదు.


పిస్కాటవే,
సెప్టెంబర్ నెలాఖరు

బావకి,

నీ మోటెల్ దొంగ కథ నాకు ఇప్పటికి చాలాసార్లు చెప్పావు. మొదటిసారి చెప్పినప్పుడు వాడు పారిపోయాడు.

మీ వీధి చివర ఉండే చరిత, అదే, వాళ్ళన్నయ్య గృహప్రవేశానికి లేబర్ డేకి కారులో మా ఊరు వచ్చిన అమ్మాయి, నిన్న రేణుకి ఫోన్ చేసింది. "ఆదిశేషు అంకుల్ ఈ మధ్య ఇల్లిల్లూ తిరుగుతున్నారు ఆంటీ. కాఫీ తాగుతారు, బీరువా వైపు చూస్తారు, వెళ్ళిపోతారు. హెల్త్ ఓకేనా?" అని అడిగింది.

నీ హెల్త్‌కి ఏమీ కాలేదని నాకు తెలుసు. నువ్వు ఇల్లిల్లూ తిరుగుతున్నది బేరానికి. నాది ఎవరికో చూపిస్తున్నావు. నేను బల్ల మీదే పోతానని, ఎలాగూ నీకే వస్తుందని, ముందుగానే నీదని అనుకున్నావు. నేనింకా పోలేదు. పొద్దున కూడా నడిచాను.

"నాది ఎప్పుడూ పెట్టె దాటదు" అని రాశావు చూడు, ఆ మాట ఒకటికి నాలుగుసార్లు చదివాను. భూతద్దం పెట్టి కూడా చదివాను. మనిషి అంత ధైర్యంగా ఎలా రాస్తాడా అని.

ఫోటో పంపు. నంబరుతో.

రాఘవులు

తా.క. నీకు నిజం చెప్పడానికి ఇంకా టైముంది. నాకు ఎంత టైముందో తెలియదు.


అరోరా,
అక్టోబర్ మొదట్లో

బావకి నమస్కారాలు.

ఇదిగో ఫోటో. ఫార్మసీలో ప్రింట్ తీయించాను. కౌంటర్లో పిల్ల దాన్ని చూసి, నన్ను చూసి, "మీ తాతగారిదా?" అంది. కాదమ్మా, మా బావదని చెప్పాను.

చూశావుగా, మెరుస్తోంది. ఎవరికీ చూపించలేదు, ఎవరితోనూ బేరం ఆడలేదు. ఇల్లిల్లూ తిరిగానంటే, రిటైరైనవాడు ఎక్కడికి తిరగాలి చెప్పు? ధైర్యంగా వెళ్ళు, ధైర్యంగా తిరిగిరా.

ఇట్లు,
ఆదిశేషు

తా.క. నంబరు మీద నా బొటనవేలు పడింది. ఒక చేత్తో వస్తువు, ఇంకో చేత్తో ఫోన్. ఎక్కడో ఒకచోట పట్టుకోవాలి కదా.


పిస్కాటవే,
అక్టోబర్ రెండో వారం

ఆదిశేషుకి,

బొటనవేలు చక్కగా వచ్చింది. గోరు తీసుకో.

నేను ముప్పై ఏళ్ళు వంతెనలు తనిఖీ చేశాను. పగులు ఎక్కడుందో తెలుసుకోవడానికి పగులునే చూడక్కర్లేదు, కొత్తగా సిమెంటు పూసిన చోటు చూస్తే చాలు. ఆ వేలు ఉన్న చోటే పగులుంది.

ఇప్పుడు విను. ఈ ఫోటోలోది నీ రివాల్వర్ కాదు. అది నాకు ఖాయంగా తెలుసు. ఎలా తెలుసో అడక్కు. పోనీ నాదే అయితే నంబరు దాచే పనేముంది? కాబట్టి నాదీ కాదు. ఇది మూడోది. నాది ఎవడికో అమ్మేసి, అలాంటిదే ఇంకోటి ఎక్కడో తెచ్చి, దాని మీద వేలు పెట్టి నాకు పంపావు.

నా చెల్లెల్ని చేసుకున్నావని ఇన్నాళ్ళూ నీ కబుర్లు భరించాను. ఆ ఒప్పందం ఇక లేదు. సర్జరీ వచ్చే గురువారం. ఈలోగా నిజం రాకపోతే, నా చేతిలో ఉన్నది టౌన్ పోలీసులకి ఇచ్చి కరిగించేయమని రేణుకి చెప్పి వెళ్తాను. వాళ్ళు ఏడాదికోసారి పాత తుపాకులు తీసుకుని మేకులకి పనికొచ్చే ఇనుము చేస్తారట. జంట అన్న మాటే మిగలదు.

రాఘవులు

తా.క. హ్యామర్ పైకి కనపడని రివాల్వర్లు పోగేసే మనిషి ఇంత సుత్తి ఎలా కొడతాడో నాకు అర్థం కాదు.


అరోరా,
అదే వారం, ఎక్స్‌ప్రెస్ మెయిల్‌లో

బావకి,

ఈసారి పక్కదారి పట్టను. నీ చేతిలో ఏముందో, ఏది కరిగిస్తానంటున్నావో నాకు తెలియలేదు. అయినా అడగను. విషయానికి వస్తాను.

నీ రివాల్వర్ పోయింది.

తోలు ఒరలో పెడితే నికెల్ పూతకి చెమ్మ పట్టి పొక్కుతుందని లైబ్రరీ పుస్తకంలో చదివాను. (ఆ పుస్తకం రాసినాయన గుర్రపు జీనుల గురించి కూడా ఒకటి రాశాడు, అది ఇంకా బాగుంటుంది. సరే, వద్దు.) అందుకే తాంబూలం సంచి ఒకటి తీసుకుని దాన్నే ఒరగా వాడాను. వ్రతం రోజు పట్టుపంచె కట్టుకుందామని లోపలికి వెళ్తూ, సంచి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. ఆ టేబుల్ మీద అలాంటివే నలభై ఉన్నాయి. పంచె కట్టుకుని వచ్చేసరికి ఒక్కటీ లేదు. ప్రమోద గుమ్మంలో నిలబడి చివరి ఆవిడకి బొట్టు పెడుతోంది.

మర్నాడే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి చెప్పాను. ఖాళీదేనని, పాతకాలందని రాసుకున్నారు. "ఎవరిమీదైనా అనుమానమా సర్?" అని అడిగాడు ఆఫీసరు. పట్టుచీరల్లో వచ్చిన నలభై మంది మీద అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టాడు.

ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగాను. ఎవరూ విప్పలేదు. సగంమంది దగ్గర సంచులే లేవు. "ఆ ఎల్లో పౌచా అంకుల్? సో క్యూట్! హంసిక బర్త్‌డేకి ఇచ్చేశా" అంది ఒకమ్మాయి. హంసిక ఇంటికి వెళ్తే అందులో కుందే ఉంది. చరిత ఇంటికీ వెళ్ళాను. "మాది ఎవరికో ఇచ్చాం అంకుల్, ఎవరికో గుర్తులేదు. కాఫీ?" అంది. ప్రతి ఇంట్లో కాఫీ ఇచ్చారు. వస్తుంటే మూడిళ్ళలో నాకూ తాంబూలం ఇచ్చారు.

ప్రమోదకి చెప్పలేదు. చెబితే నా బీరువా మొత్తం ఆ సాయంత్రమే ఖాళీ అవుతుంది.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను. నా జేబులో నీది ఎందుకుందంటే, పెట్టెలో ఎడమ గుంటలోది నాది, కుడి గుంటలోది నీది. రోజూ మోస్తే పూత అరుగుతుంది. నాది అరగకూడదని ఏడాదిగా నీది మోస్తున్నాను.

ఫోటోలోది నాది. నాది కాదని నువ్వెలా ఖాయం చేశావో అంతుపట్టలేదు. నా కంటి శుక్లానికి ఆ నంబరు ఆవగింజల వరసలా కనిపిస్తుంది, నేను చదవలేను. నువ్వు చదువుతావని వేలు అడ్డం పెట్టాను.

అది ఇక నీదే. లైసెన్సున్న తుపాకుల డీలర్ ద్వారా పంపిస్తాను. నువ్వు బతికి బయటపడితే నీ దగ్గరే ఉంచుకో. ఒప్పందం ఏమీ అక్కర్లేదు. నువ్వు రావాలి, అంతే.

ఆదిశేషు

తా.క. ఈ ఉత్తరం గురువారం లోపు అందుతుందని పోస్టాఫీసులో మాటిచ్చారు.


పిస్కాటవే,
అక్టోబర్ నెలాఖరు

ఆదిశేషు బావకి రాఘవులు నమస్కారాలు.

అందలేదు. శుక్రవారం వచ్చింది. అప్పటికి నేను ఐసీయూలో ఉన్నాను. ఇంటికొచ్చాక చదివాను. అంటే నువ్వు దొంగవన్న నమ్మకంతోనే బల్ల ఎక్కాను. మత్తు ఇచ్చే అమ్మాయి, "సంతోషం కలిగించేది ఏదైనా తలుచుకోండి" అంది. నువ్వు మెట్ల మీంచి జారుతున్నట్టు తలుచుకున్నాను. వెంటనే నిద్ర పట్టింది.

ఇప్పుడు నేను చెప్పేది విను. లేబర్ డేకి చరిత వాళ్ళ అన్నయ్య గృహప్రవేశానికి రేణు వెళ్ళింది. చరిత బొట్టు పెట్టి ఒక పసుపుపచ్చ సంచి ఇచ్చింది. రేణు మామూలుగా బీరువాలో పెట్టేదే. ఖర్జూరాలుంటాయేమోనని నేను విప్పాను. డాక్టరు తీపి మానమన్నాడు కదా, అందుకు. లోపల ఖర్జూరాలు లేవు.

నంబరు చూశాను. చివర ఆరు. నీది.

నవ్వుకున్నాను. బావ తన రివాల్వర్ తనే పోగొట్టుకుని నాకు చెప్పడం లేదు, చూద్దాం ఎన్నాళ్ళు దాస్తాడో అని నా దాని ఫోటో అడిగాను. "బావా, నీది క్షేమం, నాదే పోయింది" అని రాస్తావనుకున్నాను. నువ్వేమో నా దాని మాట వస్తే తడబడతావు, నీది మాత్రం పెట్టె దాటలేదంటావు. నీది నా టేబుల్ సొరుగులో ఉంది! ఫోటో వచ్చాక నాకు నిజంగానే ఒళ్ళు మండింది. ఇదే సంగతి ముందే రాసేసి ఉంటే నా బీపీ అంత పెరిగేది కాదని రేణు అంటోంది. ఆ మాట నాకు సరిగ్గా వినపడలేదు.

నీ ఉత్తరం చదివాక ప్రమోదకి ఫోన్ చేశాను. దాని గొంతు నాకు వినపడుతుంది. పెట్టెలో మిగిలినదాని నంబరు చదవమన్నాను. "చివర ఏడు అన్నయ్యా" అంది. కిందటేడు దసరాకి ఆయుధపూజ అని రెండూ తుడిచి, గంధం బొట్లు పెట్టి, మళ్ళీ పెట్టెలో సర్దిందట. "ఏది ఎటు పెడితే ఏంటి? రెండూ ఒకేలా ఉన్నాయిగా!" అంది.

కాబట్టి బావా, నువ్వు ఫోటో తీసి పంపింది నాదే. అబద్ధమనుకుని నిజమే పంపావు. ఆ వేలు ఒక్క అంగుళం పక్కన పెట్టి ఉంటే నా ఏడు నాకు కనపడేది, మన ఇద్దరికీ ఇన్ని స్టాంపులు ఖర్చయ్యేవి కావు. ఇంకో సంగతి. దసరా నుంచీ నాదనుకుని నువ్వు రోజూ జేబులో వేసుకుని అరగదీసింది నీదే. పిడి పక్కన పూత బాగా పోయింది. నాది కొత్తదానిలా ఉంది, ఫోటోలో చూశాను.

సంచి సంగతి ప్రమోదకి నేనేమీ చెప్పలేదు. నంబరు ఎందుకని అడిగితే, ఆపరేషన్ అయినవాణ్ణి, ఏదో గుర్తొచ్చిందన్నాను. అయితే మధ్యాహ్నం మళ్ళీ తనే ఫోన్ చేసి, రెండో గుంటలోది ఏదని అడిగింది. బ్యాటరీ అయిపోయిందన్నాను. ఇక నీ తిప్పలు నువ్వు పడు.

నీది ఇక్కడి డీలర్ దగ్గర పెట్టించాను. మీ ఊరి డీలర్‌కి పంపుతాడు. నాది నీ దగ్గరే ఉంచు. పాత ఒప్పందమే నడుస్తుంది. నాకు ఇంకో పదిహేనేళ్ళు ఢోకా లేదని సర్జన్ అంటున్నాడు. నీ షుగర్ ఎంతుంది?

ఇట్లు,
రాఘవులు

తా.క. సంచి ఖాళీగా ఉందని రేణు అందులో వక్కలు, కుంది వేసి, నాకు కట్టు మార్చడానికి వచ్చే నర్సుకి బొట్టు పెట్టి ఇచ్చింది. ఆవిడ మనవాళ్ళలా కాదు, అక్కడే విప్పి చూసింది. కుంది బాగుందంది. వక్క ఒకటి నోట్లో వేసుకుని, కాసేపయ్యాక బయటికి తీసి రుమాల్లో చుట్టుకుంది. తర్వాత కట్టు మార్చి వెళ్ళింది.